చెవికీ నోటికీ మధ్య

అందరూ గురువుగారు అని పిలిచే ఆ దర్శకుడికి మాటలు గుర్తుండటం లేదన్న సంగతి నాటకశాలలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆయన, రెండోది చిలక. లోకానికి ఆయన ఇప్పటికీ సింహమే. ఎన్ని సినిమాలు తీశాడు, ఎన్ని నాటకాలు ఆడించాడు, బహుమతులు పెట్టుకోవడానికి ఇంట్లో గోడలు చాలలేదు. ఈ వయసులో మళ్ళీ స్టేజీ ఎక్కి తనే ముసలి తండ్రి వేషం వేస్తున్నాడనేసరికి జనం టిక్కెట్ల కోసం ఒకరి మీద ఒకరు పడ్డారు. పాపం, ఆ సింహానికి రెండు వాక్యాలు దాటితే మూడోది రాదు. అందుకే విగ్గు కింద, చెవిలో, శనగగింజంత యంత్రం పెట్టుకున్నాడు. పక్క తెర వెనక మైకు పట్టుకుని చిలక కూర్చుంటుంది. ఆమె చెబుతుంది, ఆయన అంటాడు.

"నువ్వే రావాలమ్మా. నా ఊపిరి ఎక్కడ ఆగుతుందో నీకే తెలుసు," అని కబురుపెట్టి మరీ పిలిపించుకున్నాడు.

చిలక అని పేరు పెట్టిందీ ఆయనే. ఆమె కొత్తగా నటించడానికి వచ్చిన రోజుల్లో, ఈ డైలాగు ఇలా ఎందుకనాలి అని అడిగింది. "చెవిలో పడింది నోట్లోంచి రావాలి. మధ్యలో బుర్ర రాకూడదు. చిలకకి అర్థాలెందుకే?" అన్నాడు. సెట్టంతా నవ్వింది. పేరు జిగురులా అతుక్కుంది. జుట్టు నెరిసినా ఆమె చిలకే.

ఆమె మొదటి సినిమాలో ఒక ఏడుపు సీనుంది. చిలకకి ఎంతకీ కన్నీళ్ళు రావడం లేదు. దర్శకుడు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేశాడు. "ఇప్పుడే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందమ్మా. మీ అమ్మ పోయింది." పిల్ల అక్కడికక్కడే కుప్పకూలిపోయింది. కెమెరా తిరుగుతూనే ఉంది. ఒకే టేకు. అంతా అయ్యాక, "షాట్ బాగా వచ్చింది. మీ అమ్మకేం, గుండ్రాయిలా ఉంది. వెళ్ళి మొహం కడుక్కో," అన్నాడు.

ఈ కథ ఆయన మైకు దొరికిన చోటల్లా చెబుతాడు. జనం నవ్వుతారు, చప్పట్లు కొడతారు, కళ కోసం ఎంతకైనా తెగించే మనిషంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ కథకి రెండో సగం ఉంది. దాన్ని మాత్రం ఏ మైకులోనూ చెప్పలేదు.

వారం తిరక్కుండానే నవ్వు సీను పడింది. ప్రొడక్షన్ మేనేజరు ఆయాసపడుతూ వచ్చాడు. "అమ్మాయ్, మీ అమ్మగారికి సీరియస్‌గా ఉందట. నిన్ను చూడాలంటోందట. బయల్దేరు."

చిలక మేనేజరు మొహంలోకి ఓసారి చూసింది. "మళ్ళీ అదే మందా? ఇవాళ ఏడుపు కాదండీ మేనేజరుగారూ, నవ్వు!" అని పగలబడి నవ్వింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు. దర్శకుడు కెమెరావైపు వేలెత్తాడు. సాయంత్రం దాకా ఆమెని నవ్వించాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు కారులో మేనేజరు ఏడ్చేశాడు. "ఫోనెత్తింది ఆయనేనమ్మా. నన్ను పంపిందీ ఆయనే. తీరా నువ్వు నవ్వేసరికి, నిజమని చెప్పకు, నవ్వు బావుంది, కానియ్ అన్నారు. పిల్లలుగలవాణ్ణి, నోరు మూసుకున్నాను."

ఆస్పత్రి వరండాలో పిన్ని ఎదురొచ్చింది. "ఇప్పుడా రావడం? నీకోసం గుమ్మం వైపే చూసి చూసి పోయిందే అమ్మ!"

సినిమా ఆడింది ఆ నవ్వుతోనే. అదే పోస్టరు కూడా అయింది. నాటకశాల ముందు గదిలో నిలువెత్తున వేలాడుతోంది. చిలక మళ్ళీ కెమెరా ముందుకి రాలేదు. మొహం దాచుకుని గొంతు అమ్ముకుంది. అందమైన హీరోయిన్లందరికీ ఆమే మాట్లాడింది. పాము పగ పన్నెండేళ్ళంటారు. చిలక పగకి అలాంటి గడువేం లేదు. తను నోరు విప్పితే, అవకాశాల్లేక ఏడుస్తోందని కొట్టిపారేస్తారు. ఆ నిజం ఆయన నోటినుంచే, నిండు సభలో రావాలి. ఆమెకి కావలసింది అదొక్కటే.

మొదటి ప్రదర్శనకి హాలు కిటకిటలాడింది. తెర లేచేముందు దర్శకుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నా పరువు నీ చేతిలో ఉందమ్మా."

"మీరు నేర్పిందే కదండీ గురువుగారూ. చెవిలో పడింది అనెయ్యండి. మధ్యలో బుర్ర రాకూడదు."

ఆయన మురిసిపోయి ఆమె తల నిమిరాడు.

నాటకం వెన్నలా సాగింది. చివరి సీనులో ముసలి తండ్రి కుర్చీలో కూర్చుని, చనిపోయిన కూతురి ఫొటోతో మాట్లాడాలి. చిలక ఒళ్ళోని నాటకం పుస్తకం మూసేసింది.

"తల్లీ, నీకొక అబద్ధం చెప్పాను," అంది మైకులో. ఇది నాటకంలో ఉన్నదే. ఆయన అన్నాడు.

"మీ అమ్మ పోయిందని చెప్పాను. షాట్ కోసం." ఆయన అన్నాడు. గొంతు కూడా బాగా వణికించాడు.

"వారం తిరక్కుండా నిజంగానే ఫోనొచ్చింది. ఫోనెత్తింది నేనే."

అదీ అనేశాడు. అన్నాక తెలిసింది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. చూపు తెర పక్కకి తిరిగింది. నాటకంలో మాటలకోసం ఆయన బుర్రంతా వెతుక్కుంటున్నాడు, అక్కడ ఒక్క ముక్కా లేదు. "తల్లీ... తల్లీ..." అన్నాడు. కూతురి ఫొటోని కాదు. తర్వాతి మాట పెట్టమని చిలకని అడుక్కుంటున్నాడు.

ఆమెకి జాలి కలగలేదు. హాయిగా ఉంది. తన తర్వాతి వాక్యం చెవిలో పోసింది. "నిజమని నాకు తెలుసు. నవ్వు బావుందని పిల్లని పంపలేదు." హాల్లో ఎవరో దగ్గారు. ఆయన పెదవులు కదిలి ఆగాయి. ఆమె మళ్ళీ అదే చెప్పింది. ఇంకో మాట లేదు, ఇవ్వదు. చెమటకి విగ్గు జారుతోంది.

"నిజమని... నాకు తెలుసు," అన్నాడాయన. "నవ్వు బావుందని... పిల్లని పంపలేదు. వాళ్ళమ్మ గుమ్మం వైపే చూస్తూ పోయింది."

ఆ చివరి మాట చిలక అందించలేదు. అంటే అదీ తెలుసన్నమాట, ఇన్నేళ్ళూ.

వెనక వరుసలవాళ్ళు నాటకమే అనుకుని లేచి చప్పట్లు కొట్టారు. మొదటి సగానికి ఏళ్ళ తరబడి చప్పట్లు కొట్టిన పెద్దమనుషులు ముందు వరుసలో ఉన్నారు. వాళ్ళ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి.

తెర పడింది. ఆయన గోడ పట్టుకుని పక్కకి వచ్చాడు. మొహానికున్న రంగంతా కన్నీళ్ళకి కారి చొక్కా మీద పడుతోంది.

"నన్ను చంపేశావే," అన్నాడు.

చిలక మైకు కట్టేసింది.

"షాట్ బాగా వచ్చింది గురువుగారూ. వెళ్ళి మొహం కడుక్కోండి."