ముందు యజమాని, తర్వాత కుక్క

ఆ పశువుల ఆసుపత్రి కంప్యూటరులో రెండు పట్టికలున్నాయి. ఒకటి యజమానులది, రెండోది జంతువులది. ముందు యజమాని వరుస చేర్చాలి. కంప్యూటరు ఆయనకొక నంబరిస్తుంది. ఆ నంబరుతోనే జంతువు వరుస చేర్చాలి. ఈ వరుసలు కలిపింది వదిన, మూడేళ్లు నడుం పడిపోయేలా కూర్చుని.

ఆమె సిఫార్సుతో చేరినవాడు మరిది. వరుసకు మరిది, ఆమె వరుసలకు మాత్రం పగవాడు. "అంతా నా డిజైనేనండీ, వదిన టైపు కొట్టిందంతే" అని డాక్టరుకు చెప్పాడు. శనివారం పాత పుస్తకంలోని నలభై మందిని, వాళ్ల నలభై జంతువులను ఎక్కించి చూపిస్తే, సోమవారం నుంచి కుర్చీ అతనిది, బోనులు కడిగే పని వదినది అని డాక్టరు తేల్చాడు.

వదిన కుతకుత ఉడికింది. పైన మూతలా ఒక నవ్వు పెట్టుకుంది.

శనివారం పొద్దున్నే మరిది జంతువులతో మొదలెట్టాడు. యజమాని లేని కుక్కను కంప్యూటరు గడప దాటనివ్వలేదు.

"ఏంటి వదినా, ఇది కరుస్తోంది?"

"ముందు యజమానిని ఎక్కించు నాయనా."

"పెత్తనం ఇంట్లో చేసుకో. ఇక్కడ నాకు తెలుసు."

అతనికి తెలిసిందల్లా యజమాని ఉన్నాడా అని చూసే ఆ తనిఖీని ఆపేయడం. ఆపేశాడు. చివరి యజమాని నంబరు ఐదొందలు కాబట్టి కొత్తవాళ్లు ఐదొందల ఒకటి నుంచి వస్తారని లెక్కేసి, జంతువులకు ఆ నంబర్లు తగిలించాడు. తర్వాత యజమానుల వంతు. మొదటాయన వరుసను మరిది ఫోను నంబరు వేయడం మరిచి మూడుసార్లు కొట్టాడు, మూడుసార్లూ కంప్యూటరు తిప్పికొట్టింది. తిప్పికొట్టినా నంబరు ఖర్చయిపోతుంది. యజమానులు ఐదొందల నాలుగు నుంచి కూర్చున్నారు, ఒకరి జంతువు ఇంకొకరి నంబరుకు తగులుకుంది.

వదిన చూసింది. ఒక్క మాటే అంది.

"ఎక్కించినవారి గడిలో నీ పేరు వేసుకోవయ్యా. ఘనత నీదే కదా."

వేసుకున్నాడు, ఎనభై వరుసల్లోనూ.

మధ్యాహ్నం కంప్యూటరు తనంతట తానే, జంతువుకు చేయాల్సిన వైద్యం గురించి యజమానులకు సందేశాలు పంపింది. మొదటి ఫోను డాక్టరే ఎత్తాడు.

"మా చిలక్కి పళ్లు పీకుతారటగా? ఎక్కడ దొరికాయండీ దానికి పళ్లు?"

వెంటనే ఇంకొకావిడ. "మా పిల్లికి రెక్కలు కత్తిరిస్తారా?"

డాక్టరు గడిలోని పేరు చూశాడు. "ఇది కూడా నీ డిజైనేనా?"

మరిది వదిన వైపు తిరిగాడు. "తెలిసే ఊరుకున్నావా?"

"నేను టైపు కొట్టేదాన్నే కదా నాయనా."

డాక్టరు కుర్చీ వదినకు, ఫోను మరిదికి ఇచ్చాడు. తప్పు సందేశం వెళ్లిన ముప్పై ఏడు మందికీ క్షమాపణ చెప్పుకోమన్నాడు; చివరి ముగ్గురు యజమానుల నంబర్లకు జంతువే తగల్లేదు, సందేశమూ వెళ్లలేదు. జంతువుల పక్కనున్న నంబర్లకు తలా మూడు కలిపితే అంతా సర్దుకుంటుంది, రెండు నిమిషాల పని. ఆ సంగతి మాత్రం మరిది ముప్పై ఏడో యజమాని చేత, అంటే ఆఖరాయన చేత కూడా, తిట్లు తినేదాకా వదిన బయటపెట్టలేదు.