కానీ, బూరే, కానీ

కుక్కపిల్లకి బూరె అని పేరు పెట్టింది దుర్గాంబే. అది గుండ్రంగా, ఎర్రగా, అప్పుడే నూనెలోంచి తీసినట్టుండేది. కూతురు అరుంధతి బడి నుంచి వస్తూ సంచిలో వేసుకొచ్చింది.

"ఇంట్లో తడి చేస్తూ ఉంటే మాత్రం దీన్ని ఉంచేది లేదు" అన్నాడు భర్త శేషగిరి, ఆఫీసు ఫైలు మీద నోటు రాసినంత ఖచ్చితంగా.

సరోజినీ నగర్‌లో వాళ్ళది మేడ మీది ప్రభుత్వ క్వార్టరు. దుర్గాంబ మోకాళ్ళు మెట్లెక్కి దిగే పనికి ఎప్పుడో సెలవు పెట్టేశాయి. పైగా కింద వీధి కుక్కలు. అందుకని ఆవిడ బాల్కనీలో ఓ మూల ఖాళీ చేసి, పాత కూలర్ అడుగు రేకు తొట్టిని అక్కడికి ఈడ్చింది. అడుగున ఇటుక ముక్కలు, పైన ఇసుక, ఆ పైన పార్కు మాలీని బతిమాలి మట్టితో సహా తెచ్చుకున్న గడ్డి చెక్కలు. నీళ్ళు పోసి కడిగితే తూములోంచి కింద సచ్‌దేవ్ ఆంటీ వాకిట్లో పడతాయి. అందుకే కడగడం మాని, తడిసిన ఇసుక తీసేసి కొత్తది పోసేది.

బూరె ఆ తొట్టిలో పడుకునేది, గడ్డి పీకేది. అసలు పని మాత్రం శేషగిరి చెప్పుల పక్కనే. దుర్గాంబ ఆ తడి తుడిచిన గుడ్డనే తెచ్చి ఇసుకలో పాతింది. పాలు తాగగానే కుక్కపిల్లని తెచ్చి గడ్డి మీద నిలబెట్టి, పిల్లని పెంచిన అలవాటు కొద్దీ, "కానీ, బూరే, కానీ! కానీ తల్లీ!" అని గట్టిగా బతిమాలేది. ఓ పొద్దున బూరె ఇసుక వాసన చూసి, గిర్రున తిరిగి, అక్కడే కూర్చుంది. ఆ రోజు ఇంట్లో పాయసం వండారు.

పాయసం రుచి మరవకముందే కింద నుంచి గొడవ మొదలైంది. సచ్‌దేవ్ ఆంటీకి కంట్లో శుక్లం తీసి కట్టు కట్టారు. దుర్గాంబ చారు చేసి పంపింది. ఎప్పుడూ గిన్నె ఖాళీగా తిప్పి పంపని మనిషి, ఈసారి ఉత్త గిన్నె మెట్ల మీద పెట్టి పోయింది. ఆఫీసు నుంచి వస్తున్న శేషగిరిని ఆపి, "కుత్తా హటావో! ఆ కుక్కని పంపించెయ్యి, లేకపోతే అర్జీ పెడతాను" అంది.

"మా ఆఫీసు లింగయ్య ఫరీదాబాద్‌లో ఉంటాడు. జాగా ఉంది. ఆదివారం ఇచ్చేద్దాం" అన్నాడు శేషగిరి. అరుంధతి కంచం ముందు నుంచి లేచిపోయింది.

వాసన వస్తోందేమోననుకుంది దుర్గాంబ. ఇసుకంతా మార్చింది. బొగ్గుల పొడి చల్లింది. తొట్టి మీద ముక్కు ఆనించి మరీ చూసుకుంది. అయినా మర్నాడు బూరెని గడ్డి మీద నిలబెట్టి నోరు తెరవగానే కింద తలుపు ధడాలుమంది.

ఇక శనివారం వచ్చేసింది. దుర్గాంబ అరుంధతిని తోడు తీసుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ కిందికి దిగింది.

"ఆంటీజీ, బద్‌బూ ఆతా హై?"

"కంపు కుక్కది కాదు, నీ నోటిది!" ఆంటీ హిందీలో విరుచుకుపడింది. "కంటికి కట్టు కట్టుకున్నానని, తెల్లారేసరికి నా నెత్తి మీద నిలబడి కానీ, కానీ అని అరుస్తావా? కాలనీ అంతా వినేలా?"

దుర్గాంబకి తలా తోకా తెలియలేదు. అరుంధతి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అమ్మా! హిందీలో కానీ అంటే ఒంటికన్నుది!"

"అయ్యో, నా నోరు పడ! మీకు కాదు ఆంటీజీ, కుత్తే కో! కానీ అంటే తెలుగులో కరో, జల్దీ కరో!"

"అచ్ఛా! కుక్కకి తెలుగొచ్చా?"

"మా ఇంట్లో దానికే వచ్చు. ఈ పిల్లకే రాదు."

"మమ్మీ!" అంది అరుంధతి.

"అయితే దిఖావో, నాకూ చూపించు" అంటూ ఆంటీ చున్నీ సర్దుకుని మెట్లెక్కింది.

బూరెని గడ్డి మీద నిలబెట్టారు. దుర్గాంబ "కానీ" అంది. బూరె ఆంటీ చున్నీ కొరికింది. మళ్ళీ అంది. తోక ఊపింది. శేషగిరి పేపరు మడిచి గుమ్మంలోకి వచ్చాడు.

"నీకు అడగడం రాదు" అని ఆంటీ వంగింది. జడ్జీ తీర్పు చెప్పినట్టు, "కానీ!" అంది.

బూరె ఉలిక్కిపడి, గడ్డి మధ్యకి నడిచి, బుద్ధిగా కూర్చుంది.

ఆంటీ నోరు తెరిచింది. తరవాత నవ్వింది. గట్టిగా నవ్వొద్దని డాక్టరు చెప్పాడంటూ కట్టు పట్టుకుని మరీ నవ్వింది.

"రేపటి నుంచి వేరే మాట నేర్పుతాను ఆంటీజీ" అంది దుర్గాంబ.

"పాగల్ హో క్యా? నేర్చినదాన్ని చెడగొడతావా? కాకపోతే కొంచెం మెల్లిగా చెప్పు, నేను నిద్రపోతుంటాను." శేషగిరి వైపు తిరిగింది. "భాయీసాబ్, ఇది ఎక్కడికీ పోదు."

"నేనెక్కడ పొమ్మన్నాను?" అన్నాడు శేషగిరి. ఆనక భార్య వెనకే వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించాడు. "రేపు లింగయ్య వస్తాడే. ఏమని చెప్పను?"

"ట్రాన్స్‌ఫర్ ఆర్డరు రద్దయిందని చెప్పండి" అని దుర్గాంబ టీకి నీళ్ళు పెట్టింది.