కొండమ్మ కాపలా

చర్చిలో బల్లలు తుడుస్తూ కొండమ్మ ప్రతి బల్ల కిందికీ వంగి చూసింది. ఎవరైనా ఏమైనా మరిచిపోయారేమోనని కాదు, ఎవరైనా ఏమైనా ఎత్తుకుపోయారేమోనని. బందరు కాలవగట్టు పేటలో ఆ చర్చి ఊడ్చి తుడవడం, గంట కొట్టడం ఆమె పని. బక్కపలచని మనిషి. గోడలకు కొట్టే సున్నపు నీళ్లకు వేళ్ల కొసలు పగిలి ఉంటాయి. ఎడమకన్ను ఎప్పుడూ కాస్త ముడిచే ఉంచుతుంది, ఆ కంటికి నమ్మకమన్నది లేదు. చేపలమనిషి మొప్పలకు రంగు పూసిందంటుంది. కొత్తగా వచ్చిన నయాపైసలు అసలు డబ్బులే కావంటుంది. ఆగమనకాలం మొదలైందని, ప్రభువు రాక కోసం అందరూ మెలకువగా ఉండాలని పోయిన ఆదివారం అయ్యగారు ప్రసంగిస్తే, ఆ మాట తనను చూసే చెప్పారనుకుంది.

ప్రస్తుతం ఆమె మెలకువంతా కోడలు వీరలక్ష్మి మీదే. పెడన నేతవాళ్ల పిల్ల. అద్దకం గుడ్డలు కాలవలో జాడించే కూలికని పెడన వెళ్లిన కొడుకు రాజబాబు, ఆ పిల్లను రిజిస్ట్రారాఫీసులో పెళ్లాడి ఇంటికి తెచ్చాడు. ఈ క్రిస్మస్‌కు ఆమెకు బాప్తిస్మం. మొగుడి కోసం వచ్చింది గానీ దేవుడి కోసం వచ్చిందా అని కొండమ్మ సందేహం. కడుపున పుట్టినవాళ్లలో ఇద్దరు పాలు మరవకముందే పోయారు. మిగిలినవాడు రాజబాబు ఒక్కడే. ఈ పిల్ల వాణ్ణి కూడా పెడన లాక్కుపోతే తాను ఎవర్ని చూసుకుని బతకాలి? పైకి ఎన్ని అనుమానాలున్నా లోపలున్న భయం ఇదే.

దానికి తోడు ఈమధ్య శనివారం వస్తే చాలు, నీళ్లకని కాలవకు వెళ్లిన కోడలు ఎంతకీ తిరిగిరాదు. అడిగితే తల వంచుకుంటుంది. నిప్పు లేనిదే పొగ రాదు. ఇవాళ కళ్లారా చూసి, అయ్యగారికి చెప్పి బాప్తిస్మం ఆపించాలని కొండమ్మ తీర్మానించుకుంది. ఒక మాట చెప్పుకోవాలని ఆయనకు నిన్ననే కబురు కూడా పెట్టింది. పొద్దుటినుంచి ఎడమ భుజం లాగుతోంది. చర్చి బావి గిలక బిగుసుకునేలా ఎవరో పాడుచేశారని ఆమె అనుమానం.

కోడలు బిందె పట్టుకుని బయల్దేరగానే వెనకాలే వెళ్లి తుమ్మచెట్ల చాటున నక్కింది. గట్టుమీద భుజాన బట్టల మూటతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. కొండమ్మ గుర్తుపట్టింది. వీరలక్ష్మి తండ్రి నరసయ్య. పెళ్లయిన వారానికి ఇదే గట్టుమీద నిలబడి అందర్నీ తిట్టిపోసి వెళ్లిన మనిషి.

"ఒంట్లో ఎట్టా ఉంది?" అన్నాడు నరసయ్య, కాలవకేసి చూస్తూ.

"పొద్దున్నే వాంతులు నాన్నా. ఇంకేం లేదు."

"మీ అత్తకి చెప్పావా?"

"లేదు. ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టిన మనిషి. మూడో నెల దాటాక చెబుతా. ఇప్పుడే చెప్పి, తీరా ఏదన్నా అయితే ఆవిడ తట్టుకోలేదు."

నరసయ్య మూట విప్పి నిమ్మకాయలు తీసి కూతురి కొంగులో పోశాడు. "మీ అమ్మ ఇమ్మంది. వాసన చూస్తే తగ్గుద్దంట."

కొండమ్మ చెట్టు మొదలు పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఇన్నాళ్లూ తానే ఈ పిల్లకు కాపలా కాస్తున్నాననుకుంది. ఆ పిల్ల కూడా తనను కాచుకుంటోందని ఇప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఆ వెనకే పట్టలేనంత సంతోషం వచ్చింది. అంత సంతోషం తన ఇంటికి దారి తప్పి వచ్చిందేమోనని దాన్ని కూడా కాసేపు అనుమానించింది.

చర్చి అరుగుమీద విల్సన్ అయ్యగారు వెదురుబద్దలతో క్రిస్మస్ నక్షత్రం కడుతున్నారు.

"ఏదో చెప్పాలన్నావంట కొండమ్మా. మీ కోడలి బాప్తిస్మం సంగతేనా?"

"అవునండి."

"ఏంటి?"

"పొద్దుటి పూట చలి కదండి. ఆ నీళ్లు గోరువెచ్చగా ఉంటే బాగుంటదయ్యగారూ."

"నెత్తిన చిలకరించే నాలుగు చుక్కలకి వేణ్ణీళ్లెందుకు?"

"నేను తెస్తా లెండి. మీకేం శ్రమ లేదు."

ఆయన నవ్వి మళ్లీ బద్దల పనిలో పడ్డారు.

ఇంటికి వచ్చి కొండమ్మ గది తలుపు వేసుకుంది. వీరలక్ష్మి అన్నానికి పిలిస్తే, "నాకు పనుంది, నీ పని చూసుకో" అని లోపలినుంచే కసిరింది. ఇక అనుమానపడడం ఆ పిల్ల వంతైంది. తన మీద ఏం కోపం వచ్చిందోనని గడప దగ్గరే తచ్చాడింది. పొద్దు వాలాక కొండమ్మ బయటికి వచ్చి, మొహం చూడకుండా, "బిందె ముట్టుకోమాక. రేపట్నుంచి నీళ్లు నేను తెస్తా" అని చర్చికి నడిచింది.

సాయంకాలపు గంట మోగవలసినంత మోగకుండానే ఆగిపోయింది. ఎందుకాగిందోనని అయ్యగారు వచ్చి చూశారు. కొండమ్మ గంటస్తంభానికి వీపు ఆనించి కూర్చుని ఉంది. పిలిస్తే పలకలేదు.

పేట ఆడవాళ్లు ఆమెకు కడసారి స్నానం చేయించి, కట్టడానికి తెల్లచీర తెమ్మన్నారు. ఏటా క్రిస్మస్ ఆరాధనకు కట్టుకునే చీర అది, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. వీరలక్ష్మి ఏడుస్తూ వెళ్లి అత్తగారి పెట్టె మూత ఎత్తింది. చీర లేదు. ఆ చీరనే చదరంగా చింపి, అంచులు మడిచి కుట్టిన పొత్తిగుడ్డలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి. పైనున్న గుడ్డకు ఒక్క అంచు కుట్టడం మిగిలింది, దారం ఎక్కించిన సూది దానికే గుచ్చి ఉంది.