నలభై వాకిళ్లు

"రేపటి సంది నలభై ఇండ్ల ముందర ముగ్గెయ్యాలె నువ్వు" అన్నాడు మా ఆయన, చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ.

నేను స్టవ్ తుడుస్తున్నాను. నవ్వులాటకు అంటున్నాడేమోనని తిరిగి చూశాను. ఆయన నవ్వడం లేదు. టీవీ ముందు కూర్చున్న అత్తమ్మ మాత్రం నవ్వింది. "ఒక్క వాకిలి ఊడవటానికే పొద్దెక్కుద్ది దీనికి. నలభయ్యంట!" అత్తమ్మ పుట్టిల్లు కోదాడ. ఆ యాసలో వెక్కిరింపు మెత్తగా దిగుతుంది, నొప్పి తర్వాత తెలుస్తుంది.

వేములపల్లి దాటాక కాలువ పక్కన పేదలకు కట్టిన నలభై ఇళ్ల కాలనీ ఉంది. కాంట్రాక్టు తీసుకుని కట్టింది మా ఆయనే. చివరన చిన్నపిల్లలకు ఒక అంగన్‌వాడీ గది. కట్టడం అయిపోయి ఏడాదైంది, తాళాలు ఎవరికీ ఇవ్వలేదు. ఆ సంగతే మా ఎమ్మెల్యే మేడం అసెంబ్లీలో లేచి అడిగింది. ఆ పని ఎవరికి, ఎట్లా ఇచ్చారు? ఆ ఇళ్లలో మనుషులున్నారా? పిల్లల పేరు మీద వచ్చిన డబ్బుతో ఆ గదిలో ఏం నడుస్తోంది? సర్కారు వైపు నుంచి కాగితం చూసి జవాబు చదివారు. ఇళ్లు నిండాయి, అంగన్‌వాడీ నడుస్తోంది, కనుక మిగతా ప్రశ్నలే పుట్టవు. మేడం కూర్చోలేదు. "అయితే నేనే పోయి సూసొస్త అధ్యక్షా" అంది.

"వచ్చి సూసేటప్పటికి ఎవరన్న ఉన్నట్టు ఉండాలె గద" అన్నాడు మా ఆయన. "ముగ్గు, దండెం మీద బట్టలు, పొయ్యి మీద ఇంత పొగ. గంతే."

"కూలోళ్లతోటి చేయించరాదుండ్రి?"

"ఊరంత చాటిస్తరు. నువ్వైతె మన మనిషివి. నోట్లె నాలిక లేనిదానివి."

మా పెళ్లిచూపుల్లో కూడా ఇదే మాట అన్నారు. హుజూర్‌నగర్ దగ్గరి మా ఊళ్లో, సర్కారు బడిలో పది చదివిన పిల్ల, మాట్లాడదు, మంచిది అని. అప్పుడది మెచ్చుకోలు అనుకున్నాను.

తెల్లవారకముందే ఆయన నన్ను కారులో దింపి వెళ్లేవాడు. నేను ఒక్కొక్క వాకిలీ ఊడ్చి, డ్రమ్ములోంచి నీళ్లు ముంచి చల్లి, ముగ్గు వేసి, గడపకు పసుపు రాసేదాన్ని. ఒకే ముగ్గు వేస్తే అనుమానం వస్తుందన్నాడు. అందుకని ప్రతి ఇంటికీ ఒక ఇల్లాలిని మనసులో అనుకున్నాను. రెండో ఇంటామెకు చేయి నొప్పి, నాలుగు గీతలు గీసి లేస్తుంది. తొమ్మిదో ఇంటామె కొత్త కోడలు, మెలికలు తిప్పుతుంది. ఆ పక్కామెకు ముగ్గంటేనే విసుగు, భర్త తిడతాడని వేస్తుంది. బట్టలకు మాత్రం నావే దొరికాయి. నా పాత చీరలు, లంగాలు, తువ్వాళ్లు ఒక మూటలో పెట్టి ఇచ్చింది అత్తమ్మ. "ఎట్టాగూ ఎక్కడికీ పోవు కదా" అంది. చివరి దండెం నింపి వెనక్కి తిరిగితే వరుసంతా నేనే వేలాడుతున్నాను. నా నీలం చీర పదకొండో ఇంటి ముందు, పెళ్లిచీర ఇరవయ్యో ఇంటి ముందు. గాలి లేదు. అయినా మడతల్లో మోకాలు వంచినట్టు, భుజం తిప్పినట్టు ఆకారాలు. ఎవరూ లేని ఇంటికి ఇంత పని ఉంటుందా అని మొదట అనిపించింది. రెండు మూడు రోజులకు మరో ఆలోచన వచ్చి, అది పోలేదు. మిర్యాలగూడలో మా ఇంటికి తిరిగొచ్చి, సోఫా మీద దిండ్లు సర్ది, ఆయన విడిచిన బనియన్ తీసి, అత్తమ్మకు మందులిచ్చి, ఎవరైనా వస్తే మేమంతా బాగున్నామని కనబడేటట్టు నవ్వే మొహం పెట్టుకుంటానా, ఇది నలభై ఒకటోది అనిపించేది. ఇక్కడ కూడా ఎవరో ఉన్నట్టు నేను రోజూ సర్దుతున్నాను.

అంగన్‌వాడీ గదికి గోడల నిండా నెమళ్లు, మామిడిపండ్లు, అ ఆలు. నేను మొదటిసారి తలుపు తీసినప్పుడు లోపల నేల మీద చుక్కలు పెట్టి ఉన్నాయి. ముగ్గుకు పెట్టినట్టే, వరుసల్లో, వేలితో రాల్చినట్టు చిన్న చిన్న కుప్పలు. తాళం నా దగ్గరే ఉంది. ఎవరు పెట్టారో అనుకుంటూ ఊడ్చేశాను. మరునాడు మళ్లీ ఉన్నాయి, అవే చోట్ల. వంగి ముట్టుకుంటే ముగ్గుపిండి కాదు, ఇసుక. చెవి పెట్టి నిలబడ్డాను. నెత్తి మీద ఎవరో ఓపికగా జల్లెడ పడుతున్నట్టు సన్నటి చప్పుడు. నేను ఊపిరి బిగబట్టగానే అది ఆగింది. వదలగానే మొదలైంది. బయటికొచ్చేసరికి గాలి లేచి, దండేల మీది నా చీరల కొంగులన్నీ ఆ గది వైపే తిరిగి ఉన్నాయి.

ఆయనకు చెప్పాను.

"కొత్త కట్టడం గట్లనే రాలుతది. ఊడ్సు."

"రోజూ అవే జాగలల్ల రాలుతుందండి."

"గందుకే రోజూ ఊడ్సు."

అత్తమ్మ అందుకుంది. "ఆడదాని చేతిలో చీపురున్నంత కాలం ఏ ఇల్లూ పడిపోదులే."

కాలువ అవతలి తండా నుంచి సుక్కి వచ్చేది, డ్రమ్ములకు నీళ్లు మోయడానికి. ఈ కాలనీ కట్టినప్పుడు ఇటుకలూ కంకరా మోసింది ఆమే. ఏడో నంబరు ఇల్లు ఆమె పేరు మీదే ఉందట, తాళం కోసం ఏడాదిగా చూస్తోంది. ఒక పొద్దున ఆమెను గదిలోకి పిలిచి నేల చూపించాను. సుక్కి నేల వైపు ఒక్క చూపు చూసి, స్లాబు వైపు చాలాసేపు చూసింది. ఎందుకో గొంతు తగ్గించింది.

"స్లాబుల ఇనుప సలాకలు దగ్గర దగ్గర పరిచి బిల్లు కోసం ఫోటోలు దిగిన్రమ్మా. ఫోటోలు అయినంక సగం పీకి అవతలి కాలనీకి పంపిన్రు. నేనే నెత్తిన మోసిన. ఉన్నయి ఉన్నకాడ లోపలనే తుప్పు పట్టి ఇసుక రాలుస్తున్నయి గావచ్చు."

చుక్కల మధ్య దూరం చూశాను, పైన మిగిలిన సలాకల మధ్య ఎడం అంతే అన్నమాట. ముగ్గుకైతే అంత ఎడంగా పెట్టరు. గీత కలవదు.

"నీకు తెల్సి గూడ ఊకున్నవా సుక్కీ?"

"నీకిప్పుడు తెల్సింది గద, నువ్వేం జేస్తవ్?" అని, వెంటనే నవ్వి, మాట మార్చింది. "మేడం వచ్చిననాడు తండా పోరగాండ్లను గీడ కూసోబెడ్తరట. మా బిడ్డ మనీషాకు ఎర్రగౌను కొన్న. నాలుగేండ్లది, అద్దం ముందు నుంచి లేస్తలేదు."

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆయన్ను అడిగాను, పిల్లల్ని ఆ గదిలో కూర్చోబెట్టడం ఎందుకని.

"గంట సేపు. గంటల ఏమైతది?"

"తర్వాత రోజూ కూసుంటరు గద."

"తర్వాత టీచరొస్తది, ఆమె సూస్కుంటది. నీ పని నువ్వు సూస్కో." పెరుగు కలుపుకున్నాడు. "నువ్వు ఏడో నంబరు ఇంటామెవు. మేడం అడిగితె మంచిగుందమ్మా అను. ఇంకేం అనకు. ఉప్పియ్యి."

ఉప్పిచ్చాను.

మేడం వచ్చే రోజు ముగ్గులన్నీ వేసి, బట్టలన్నీ ఆరేసి, చీపురుతో గది తలుపు తీశాను. చుక్కలు ఎప్పటికంటే లావుగా ఉన్నాయి. నట్టనడుమ, చాప పరిచే చోట, కొబ్బరి చిప్పంత పెళ్ల ఒకటి పడి ఉంది. పైన అది ఊడిన చోట తుప్పు పట్టిన సలాక కనబడింది. చప్పుడు ఆగడం లేదు, నేను ఊపిరి బిగబట్టినా. అప్పటికే తండా పిల్లలు వరుసగా వస్తున్నారు. ముందు ఎర్రగౌను. నా చేయి అలవాటుగా వంగింది. చీపురు నేలకు తగిలింది. ఇన్నాళ్లూ ఈ గది ఏదో చెబుతూ ఉంది. నేనే రోజూ పొద్దున్నే వచ్చి తుడిచేశాను. ఊడ్చిన ప్రతిసారీ ఈ కప్పును ఇంకో రోజు నిలబెట్టింది నేనే.

చీపురు బయట గోడకు ఆనించాను. చాపలు తీసుకెళ్లి వీధి మధ్యలో పరిచాను. "గీడ కూసోండ్రి బిడ్డా, ఎండపొడ మంచిగుంది" అన్నాను. మా ఆయన దూరం నుంచి చూశాడు. కళ్లతోనే తిట్టాడు. మనుషులుండగా ఆయన కళ్లతోనే తిడతాడు.

మేడం నూలుచీరలో, వెంట నలుగురితో నడిచొచ్చింది. దండేలు చూసింది, గడపలు చూసింది. పిల్లల దగ్గర ఆగింది.

"బయట కూసున్నరేంది?"

"ఎండ కోసం మేడం, చలి పెడ్తుంది గద" అన్నాడు మా ఆయన.

ఆమె నా వైపు తిరిగింది. "ఏ ఇల్లమ్మా మీది?"

ఏడో నంబరు అనాలి. నోరు తెరిచాను. డ్రమ్ముల పక్కన సుక్కి నిలబడి ఉంది. నీవైపు చూడను అన్నట్టు ఎటో చూస్తోంది. తెరిచిన నోరు మూసుకున్నాను.

"మా ఆడోళ్లకు సిగ్గు మేడం, మాట్లాడరు" అని నవ్వాడు ఆయన. వెంట వచ్చినవాళ్లూ నవ్వారు.

మేడం నవ్వలేదు. చెప్పులు విడిచి గది గడప దగ్గరికి నడిచింది. ఎండలోంచి లోపలి మసకలోకి తొంగి చూసి, "ముగ్గులు మస్తుగేసిన్రమ్మా కాలనీల. లోపల గూడ చుక్కలు పెట్టిన్రు, కలపనే లేదు?" అంటూ కాలు ఎత్తింది.

ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను. గాజులు గలగలమన్నాయి. వీధిలో ఎవరూ కదల్లేదు. పైన జల్లెడ చప్పుడు ఇప్పుడు అందరికీ వినబడుతోంది.

"నలభై ఇండ్ల ముందర ముగ్గులు నేనే ఏసిన మేడం" అన్నాను. "గిదొక్కటి నేను ఎయ్యలే."