పేరు మారాల్సిన రెండో కాగితం

నేను ఒక పది చక్రాల లారీని. నన్ను చూసి పక్కకు తప్పుకున్నవాళ్లు లక్షల్లో ఉంటారు, ఆగి చూసినవాళ్లు బహుశా నలభైమంది. నా వెనక రాసిన మాటలు మాత్రం చాలామంది చదివారు. ఘాట్ రోడ్డులో నా వెనక చిక్కుకుపోయినవాడికి చదువుకోవడానికి ఇంకేముంటుంది?

ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చేటప్పటికి నాకు ఒళ్లే లేదు. ఇంజను, చట్రం, చక్రాలు, ఒక స్టీరింగు. అంతే. తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక డ్రైవరు చెక్క పెట్టె మీద కూర్చుని, ఎండకు మాడుతూ, నన్ను విజయవాడ ఆటోనగర్‌కు తోలుకొచ్చాడు. అక్కడ వడ్రంగులు నాకు క్యాబిను కట్టారు, వెనక తొట్టి కట్టారు. పెయింటరు నా నుదుటి మీద రెండు నెమళ్లను వేసి, ఒకదాని మెడ కుదరలేదని మూడుసార్లు చెరిపి మళ్లీ వేశాడు. ఆ షెడ్డులోంచి బయటికొచ్చిన రోజున నాకంటే అందమైన బండి కృష్ణ ఒడ్డున లేదని నా నమ్మకం. ఇప్పటికీ ఆ నమ్మకం అలాగే ఉంది.

నా మొదటి యజమాని పోలిశెట్టి వెంకటరాయుడు గారు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు ఉండేవి ఆయనకు. ఎనిమిదేళ్లలో నా క్యాబినులోకి రెండుసార్లు ఎక్కారు. ఒకసారి నాకు పూజ చేయించిన రోజు, ఇంకోసారి ఆయన కారు దారిలో ఆగిపోయిన రోజు. అయినా ఎక్కడికెళ్లినా "నా బండి" అనేవారు. ఏ గేరులో నేను మూలుగుతానో, ఏ ఎత్తు దగ్గర ఊపిరి తీసుకుంటానో తెలిసిన మనిషి నన్ను ఒక్కసారి కూడా నా బండి అనలేదు. "రాయుడుగారి బండి" అనేవాడు. అతనే షేక్ నాగుల్ మీరా, దాచేపల్లి వాడు, నా డ్రైవరు. పొద్దున్నే ఇనప రాడ్డుతో నా పది టైర్లనూ ఒక్కొక్కటిగా కొట్టి, చెవి పెట్టి విని, ఆ తర్వాతే టీ తాగేవాడు.

బట్టీలు మూసేసిన ఏడాది రాయుడు గారు మీరాను పిలిపించారు.

"మీరా, బండి నువ్వే తీసుకోరా. వేరేవాడి చేతిలో పెట్టబుద్ధి కావట్లా."

మీరా బయటికి వచ్చి నా బంపరు మీద కూర్చుని చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. ఆ వారమే అతని భార్య హుసేన్‌బీ రెండు బర్రెలను అమ్మింది. మిగతాది ఫైనాన్సు వాళ్లు ఇచ్చారు. ఆర్సీ మీద షేక్ నాగుల్ మీరా అని అచ్చుపడి వచ్చిన రోజున మీరా "నా బండి" అంటూ దాన్ని టీకొట్టు దగ్గర చూపించాడు, పెట్రోలు బంకులో చూపించాడు, దారిలో కనపడిన తన చిన్నప్పటి మేష్టారికీ చూపించాడు. ఆ కాగితం మడతల దగ్గర చిరగడానికి పది రోజులు పట్టలేదు.

మార్చాల్సిన కాగితం ఇంకొకటి ఉందని అతనికి తెలియదు. నాకూ తెలియదు.

పదకొండో రోజున పొల్యూషన్ సర్టిఫికెట్టు కోసం నరసరావుపేట వెళ్లాం. ఆర్టీఏ ఆఫీసుకు ఎదురుగా ఒక చిన్న గదిలో రాహేలు అనే ఆవిడ లారీలకు, ఆటోలకు ఇన్సూరెన్సులు చేసేది. ముప్పై ఏళ్లుంటాయి. కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని మనిషిని చూసేది, దించుకుని కాగితం చూసేది. మీరా ఇచ్చిన కాగితాలన్నీ తిరగేసి అంది:

"బాబాయ్, ఆర్సీలో మీ పేరుంది. పాలసీలో రాయుడుగారి పేరుంది."

"ఇంకా ఏడు నెలలుంది గదమ్మా ఆ పాలసీ. బండి అదే, నంబరు అదే, తోలేది నేనే. మారిందేముంది?"

"ఓనరు మారాడు. మీ బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకి కంపెనీ ఇస్తుంది. ఆ భాగం బండితో పాటే మీకొచ్చేసింది. కానీ మీ బండికే దెబ్బ తగిలిందనుకోండి. కాగితంలో పేరున్నాయనకి బండి లేదు, బండి ఉన్నాయనకి కాగితంలో పేరు లేదు. ఎవరికివ్వాల?"

మీరా ముఖం మారింది. "పంతొమ్మిదేళ్ల నుంచి తోలుతున్నానమ్మా. ఒక్క గీత పడలా."

"మీరు గుద్దరు బాబాయ్. రోడ్డంతా మీరొక్కరే తోలేటట్టయితే నేను ఈ కుర్చీ ఎత్తేసి ఇంటికి పోదును." ఆవిడ నవ్వలేదు. "బండి మీ పేరున మారి ఎన్ని రోజులైంది?"

"పదకొండు."

"పద్నాలుగు రోజుల్లోపు రాసివ్వాలి. ఇంకా మూడు రోజులుంది. కూర్చోండి."

మీరా కూర్చున్నాడు. ఆ గది తలుపు ముందే నన్ను ఆపడం వల్ల అంతా విన్నాను. బండి మీద ఇంకెవరొస్తారని ఆవిడ అడిగింది. ఏసోబు అనే క్లీనరు ఉన్నాడని, తనకంటే పన్నెండేళ్లు పెద్దవాడని మీరా చెప్పాడు. "ఆయన పేరు రాయక్కర్లా, క్లీనరొకరున్నారని ఒక్క లైను చాలు, ఆయనకి దెబ్బ తగిలితే కంపెనీ ఇస్తుంది" అంటూ రాసుకుంది. రాస్తూనే, తల ఎత్తకుండా, "మా నాన్నా క్లీనరే. ఆయన ఎక్కిన బండికి ఈ లైను రాయించలా" అంది. ఆ తర్వాత మీరా ఇంకే మాటకూ ఎదురు చెప్పలేదు.

లారీలకు మామూలు పాలసీలో దీపాలు, టైర్లు, మడ్‌గార్డులు, ముందువైపు పెయింటు విడిగా పోతే డబ్బు రాదని, వాటిని ప్రత్యేకంగా కలపాలని చెప్పింది. నాకు చిన్నతనమనిపించింది. అవన్నీ తీసేస్తే నాలో మిగిలేదేమిటి? అవీ కలిపించి, బయటికొచ్చి నాలుగు వైపులా నా ఫొటోలు తీసింది. నెమలి మెడ బాగా కుదిరిందని మెచ్చుకుంది. అప్పుడు క్షమించాను.

చివరగా రెండు మాటలు చెప్పింది. "సరుకు సంగతి వేరు బాబాయ్. సిమెంటు తడిసినా చిరిగినా ఈ పాలసీకి సంబంధం లేదు. సరుకువాళ్లకి వేరే ఇన్సూరెన్సు ఉందో లేదో అడిగే లోడెత్తించుకోండి. ఇంకోటి, లోడు మీద మనుషుల్ని ఎక్కించుకోవద్దు. వాళ్లకేమన్నా అయితే మీ ఇల్లమ్మినా తీరదు."

"మరి నాకో?"

"ఓనరే తోలితే ఆయనకొకటుంది. ప్రాణం పోయినా, కాలో చెయ్యో పూర్తిగా పోయినా వస్తుంది. విరిగి అతుక్కుంటే రాదు."

"అయితే విరగ్గొట్టుకోను లే" అన్నాడు మీరా.

ఊరు దాటాం. తర్వాత పక్కనున్న ఏసోబుతో అన్నాడు: "ఏసోబన్నా, ఇన్నాళ్లూ నేను డ్రైవర్నే. ఓనర్నయ్యింది ఇయ్యాళ."

ఆ శీతాకాలం మేము సిమెంటు తోలాం. తూకం ఎంతో అంతే ఎత్తించుకునేవాడు మీరా, కాటా చీటీ జాగ్రత్తగా దాచేవాడు. మిగతా డ్రైవర్లు నవ్వేవారు. మిరపకోతలు మొదలయ్యాక ఒక మేస్త్రీ వచ్చి, పన్నెండుమంది కూలీలను బస్తాల మీద కూర్చోబెట్టుకుని నకరికల్లులో దించమన్నాడు. మీరా కుదరదన్నాడు.

"ఓనరయ్యాక కొమ్ములొచ్చినయ్యే నీకు" అని మేస్త్రీ దెప్పాడు.

"కొమ్ములు కాదు బాబాయ్, భయం" అన్నాడు మీరా. ఒక డ్రైవరు నోట ఆ మాట రావడం నేను అదే మొదటిసారి విన్నాను. నాకు అది చాలా గొప్ప మాటగా తోచింది.

ఇది జరిగిన మూడో రోజు. పొద్దున పదిగంటలు. మూడు వందల ఇరవై బస్తాలతో పల్లంలోకి దిగుతున్నాం. ఎదర ఒక ట్రాక్టరు పొలం దారిలోంచి రోడ్డు మీదకొచ్చింది. దాని వెనక తగిలించిన ట్రక్కు నిండా మిరపకోతకు వెళ్లే ఆడవాళ్లు. ఉన్నట్టుండి రెంటినీ కలిపే పిన్ను ఊడింది. ట్రాక్టరు ముందుకు పోయింది. ట్రక్కు రోడ్డుకు అడ్డంగా, ముప్పై మందితో, అక్కడే నిలిచిపోయింది.

మీరా పాదం నా బ్రేకు మీద పడింది. నేను శక్తికొద్దీ పట్టాను. కానీ అంత బరువుతో పల్లంలో దిగుతున్నప్పుడు నా శక్తి ఎంతో నాకూ తెలుసు, అతనికీ తెలుసు. కుడి పక్క కాలవ, ఎదురొచ్చే బస్సు. ఎడమ పక్క ఒక టీబడ్డీ, దాని వెనక గుట్టగా పోసిన సున్నపురాయి. బల్లల మీద ఎవరూ లేరు. మీరా ఎడమకు తిప్పాడు.

బడ్డీ నుజ్జయింది. నేను పోయి రాళ్లగుట్టలో ముఖం పెట్టాను. నెమళ్లు రెండూ పోయాయి. ట్రక్కులోని ఒక్కరికి కూడా గీత పడలేదు. బడ్డీ యజమానురాలు నాంచారమ్మ బిందెతో నీళ్లు మోసుకొస్తూ, తన బడ్డీ ఉండాల్సిన చోట నన్ను చూసి, బిందె జారవిడిచింది.

ఏసోబుకు చెయ్యి విరిగింది. మీరాకు కుడికాలు. ఆడవాళ్లే వాళ్లను కిందికి దించారు. అంబులెన్సు వచ్చేలోపు మీరా రాహేలుకు ఫోను చేశాడు. పోలీసులకు చెప్పమంది, కంపెనీకి తాను చెప్తానంది. కంపెనీ సర్వేయరు వచ్చి నష్టం చూసేదాకా బండిని కదిలించవద్దంది.

ఆస్పత్రికి పరుగెత్తిన హుసేన్‌బీని అతను అరగంటలో వెనక్కి పంపేశాడు. ఆవిడ ఆ కోపమంతా మోసుకుంటూ నా దగ్గరకొచ్చింది. "కాలు విరిగి పడుకున్నాడు, బండి కాడికి పొమ్మంటాడు" అని నన్నే తిట్టింది. తిట్టి, ఒక రాయి మీద గొడుగేసుకుని కూర్చుంది. క్రేను తెచ్చినవాడు షెడ్డుకు లాగేస్తానని గొలుసు బయటికి తీశాడు.

"గొలుసు ముట్టావంటే మర్యాదగా ఉండదు" అంది హుసేన్‌బీ. "ఇది ఎట్టా పడిందో అట్టానే ఉండాల. చూసే ఆయన రానీ."

ఆనాడు కోతలకు ఎవరూ వెళ్లలేదు. ముప్పైమందీ నా చుట్టూ కూర్చుని, క్యారేజీలు విప్పి, హుసేన్‌బీ చేత కూడా బలవంతంగా తినిపించారు. అంతమంది ఆగి నన్ను చూడడం నా జీవితంలో అదొక్కసారే.

మూడు గంటలకు సర్వేయరు వచ్చాడు. లైసెన్సు చూశాడు, ఫిట్‌నెస్ చూశాడు, కాటా చీటీ చూశాడు. పాలసీలో పేరును వేలితో చూపిస్తూ ఆర్సీతో సరిచూసుకున్నాడు. తర్వాత అందరికీ వినపడేలా అడిగాడు:

"లోడు మీద ఎవరన్నా ఉన్నారా?"

ముందు వరసలోని ముసలామె లేచి నిలబడింది.

"లోడు మీద ఎవరూ లేరయ్యా. రోడ్డు మీద మేమున్నాం."

ఆయన ఆ మాటను అలాగే కాగితం మీద రాసుకున్నాడు.

నన్ను ఆటోనగర్‌లో బాగుచేశారు. కొత్త సామాన్ల ఖర్చులో, పాతవి అరిగిన మేరకు కొంత మీరా పెట్టుకోవాల్సి వచ్చింది, మిగతాదంతా కంపెనీయే ఇచ్చింది. ఏసోబుకు చెయ్యి అతికేదాకా పరిహారం వచ్చింది. నాంచారమ్మ కేసు వేస్తే మీరా కర్రసాయంతో వెళ్లి, "గుద్దింది నేనే" అని నిజం చెప్పాడు, బడ్డీ నష్టం కంపెనీ కట్టింది. కేసు నడిచినన్నాళ్లూ ఆవిడ, పరదా కింద టీ కాస్తూ, అతని దగ్గర డబ్బులు తీసుకోలేదు. మనుషులు ఇలాంటివారని ఏ పాలసీలోనూ రాసి ఉండదు. మీరా కాలికి మాత్రం ఎక్కడి నుంచీ ఏమీ రాలేదు.

"క్లీనరుకొచ్చింది, ఓనరుకి రాలా. చూశావా ఏసోబన్నా, ఓనరంటే ఇదీ" అని పకపకా నవ్వాడు.

ఆ తర్వాత పదేళ్లు అతని చేతుల్లోనే ఉన్నాను. కొత్తగా బండి కొన్నవాళ్లు అతన్ని వెతుక్కుంటూ వచ్చేవారు. అతను నా బంపరు మీద కూర్చుని వాళ్ల కాగితాలు ఒక్కొక్కటిగా తిరగేసేవాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాక అచ్చం రాహేలులాగే ఉండేవాడు.

నిన్న నన్ను పాతబళ్ల యార్డుకు తీసుకొచ్చాడు. ఫిట్‌నెస్‌కు ఇక నిలబడలేనని నాకూ తెలుసు. చట్రం మీది నంబరును కోసేముందు యార్డు గుమాస్తా కాగితాలన్నీ చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏందయ్యా ఇది, పాలసీ మొన్ననే కట్టావా? రేపు ముక్కలయ్యే బండికి?"

మీరా తాళంచెవి అతని బల్ల మీద పెట్టాడు.

"ఇక్కడిదాకా నడిచి రావాలి గదా. ఇది దాని ఆఖరి ప్రయాణమని రోడ్డు మీద నడిచేవాళ్లకి తెలుసా?"

గుమాస్తా అతనికి కుర్చీ చూపించాడు. మీరా కూర్చోలేదు. నా దగ్గరకొచ్చి, నా తలుపు మీద చెయ్యి వేసి, కుంటుకుంటూ గేటు వైపు నడిచి వెళ్లాడు.

చుట్టూ ఇక్కడ చాలా బళ్లున్నాయి, నాకంటే ఖరీదైనవి కూడా. గ్యాసుకట్టరు వెలిగిన చప్పుడు వినబడుతోంది. నాకు భయం లేదు. ఒక మనిషి నన్ను నా బండి అన్నాడు, ఆ మాటకు చెయ్యాల్సిందంతా చేశాడు.