ఇరగదీసే కుర్చీ

చిత్రిక పట్టినప్పుడు టేకు పొట్టు ఉంగరాలు తిరుగుతూ లేస్తుంటే వనజకు పండగే. పెళ్లై రెండు నెలలు కాలేదు. కామారెడ్డిలో వాళ్ల రేకుల షెడ్డే ఆమెకు దొరల గడీ. ఒక ఉంగరాన్ని జడలో తురుముకుని, "బాగుందా బావా?" అనేది. సాయికిరణ్ ఉలి ఆపి చూసేవాడు. ఆ చూపు కోసమే చాయ్ మీద చాయ్ తెచ్చేది.

చేస్తున్నది నిజాం కాలపు దొర కుర్చీ, ఎల్లారెడ్డిలో ఆడబోయే నాటకానికి. దర్శకుడు షహబాజ్ సార్‌కు నచ్చితే ఇకపై వాళ్ల నాటకాల సామానంతా సాయికిరణ్‌దే. లేదంటే, దుబాయ్‌లోని అన్న పంపుతానన్న వీసా కాచుకుని ఉంది.

"ఆఖరి సీన్ల కుర్చీ ఇరగదియ్యాలె తమ్మీ," అన్నాడు సార్ ఫోన్లో.

"ఇరగదీస్తది సార్! చూడుండ్రి మీరు!"

తాత పడుకున్న టేకు మంచం కోసి, ఒక్క మేకు లేకుండా కొయ్యలో కొయ్య దూర్చి బిగించాడు. చేతులకు సింహం మొహాలు చెక్కాడు. వనజ ఎక్కి కూర్చుని కాళ్లూపింది.

"దొరసాని లెక్కున్ననా?"

"దొరసానివే. దిగు, పాలిష్ ఆరలే."

నాటకం ఆఖర్న రైతులు గడీలోకి దూసుకొచ్చారు. నాయకుడి వేషం వేసిన బీరయ్య కుర్చీ ఎత్తి నేలకేసి కొట్టాడు. విరగలేదు. మళ్లీ కొట్టాడు. గొడ్డలి ఎత్తితే ఆ అట్టగొడ్డలే తునిగింది.

"దొర గట్టోడేరా!" అని ఎవరో అరిచారు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. తిరుగుబాటు మీద తెర పడింది.

"ఇరగదియ్యాలె అన్న గదరా!" తెర వెనక షహబాజ్ సార్ మీదికొచ్చాడు. "ముక్కలు ముక్కలు గావాలె అది!"

"మస్తుండాలె అన్నరనుకున్న సార్..."

"నీ కుర్చీ నువ్వు తీస్కపో. ఇంక నాకు ఫోన్ చెయ్యకు."

తిరుగు దారిలో ట్రాలీ ఆటోలో వేరే జాగా లేక వనజ ఆ కుర్చీలోనే కూర్చుంది. సాయికిరణ్ తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకోటి జేద్దాం బావా. ఇరిగేది."

"వద్దన్నడు గదా. అన్నకు ఫోన్ జేసిన. పాస్‌పోర్ట్ ఫొటో పంపమన్నడు."

ఆమె జడలోని పొట్టు ఉంగరం గాలికి ఎప్పుడు ఎగిరిపోయిందో తెలియదు. గుంత వచ్చినప్పుడల్లా వనజ ఒళ్లంతా బరువు చేసుకుని కుర్చీ మీద పడింది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అది కిర్రుమంటే చాలనుకుంది. ఆటో కిర్రుమంది. కుర్చీ మాత్రం అనలేదు.