ఆమెన్ వరకే

ఈనాస్ టఫ్లీ చర్చి బల్లల కింద గబ్బిలాల రెట్ట ఊడుస్తున్నాడు. ఊడవడం, గంట కొట్టడం, గోతులు తవ్వడం, పాదిరిగారి ప్రార్థన చివర ఆమెన్ అనడం అతని కొలువు. నడుం వంగింది, గోళ్లలో మట్టి ఇంకింది, గొంతు మాత్రం కంచు. హార్కమ్ ఊరి పిల్లలం ‘ఆమెన్ తాత’ అని వెక్కిరించేవాళ్లం.

మంత్రసాని డార్కస్ పరుగున వచ్చింది. ఈనాస్ కూతురు కెజియా నిన్ననే ప్రసవించింది.

“పిల్ల నీలంగా అయిపోతోంది ఈనాసూ! పాదిరిగారేరీ?”

“పెద్దదొరింట్లో విందుకెళ్లారు.”

“అయితే నువ్వే కానియ్యి. కాసిని నీళ్లు చల్లి ఆ బాప్తిస్మం ముక్కలు అనెయ్. నాకా అవి రావు, మీ చర్చి గడపైనా తొక్కనిదాన్ని.”

“నా పని ఆమెన్ వరకేనే. ముందు మాటలు అయ్యగారివి. నే చెబితే చెల్లదు.”

“ఇన్నేళ్లు ఆయన పక్కన నిలబడి ఏం ఒరగబెట్టావ్ మరి!”

బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డకి గంట మోగదు, ప్రార్థన ఉండదు. ఉత్తరపు గోడ పక్కన, ఉరేసుకున్నవాళ్ల దగ్గర పూడుస్తారు. అలాంటి గోతులు తవ్విన ఈనాస్‌కి ఆ సంగతి ఒకరు చెప్పాలా? బురదలో రొప్పుతూ పెద్దదొరింటికి పరిగెత్తాడు.

పాదిరిగారు మంచాయన. భోజనం మధ్యలోనే లేచి బండెక్కారు. దారిలో మెల్లగా అన్నారు.

“ప్రాణం మీదికొస్తే బాప్తిస్మం ఎవరైనా ఇవ్వచ్చయ్యా ఈనాస్. నువ్వు చెప్పినా చెల్లేది. నీకెవరూ చెప్పలేదా?”

ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఆయనే. ఆ మాట ఆయనకీ తట్టినట్టుంది, మొహం పక్కకి తిప్పుకున్నారు. ఈనాస్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇల్లు చేరేసరికి కెజియా బిడ్డని గుండెకి అదుముకుని ఊపుతూనే ఉంది. డార్కస్ తల అడ్డంగా తిప్పింది. పాదిరిగారు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. పోయినవాళ్లకి బాప్తిస్మం ఇవ్వకూడదు.

“ఇప్పుడు చెప్పనా అయ్యగారూ?” అన్నాడు ఈనాస్. “మాటలన్నీ నాకొచ్చు.”

ఆయన తల దించుకుని గుమ్మం వైపు నడిచారు.

పొద్దు వాలకముందే ఉత్తరపు గోడ పక్కన ఈనాస్ చిన్న గొయ్యి తవ్వాడు. ఎవరూ ఏమీ చదవలేదు. మట్టి పూడ్చాక అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. ఆమెన్ అనడానికి ముందు మాటంటూ ఏదీ లేదు. పార భుజాన వేసుకుని నడిచాడు.

ఇంట్లో కుర్చీ వీపు మీద, ఆదివారానికని పక్కింటామె అరువిచ్చిన తెల్లటి బాప్తిస్మపు గౌను ఇస్త్రీ నలగకుండా వేలాడుతోంది.